రవివర్మ అచ్చు పటాలు: కళేనా, సరుకా?

గంధపుచెక్క: మన దేవుడి గదుల్లో ఉన్న లక్ష్మి, సరస్వతి పటాలు చాలావరకు రవివర్మ గీసిన రూపాల నుంచి వచ్చినవే. ఆయన 1894లో బొంబాయిలో రాతి అచ్చు ప్రెస్ పెట్టి, తన తైలవర్ణ చిత్రాల కాపీలు దేశమంతా అమ్మించాడు. దీనివల్ల మన కళకు మేలు జరిగిందా, కీడా? కీడే అంటాను. ఆయన చిత్రాల్లో నాటకీయత ఎక్కువ, ఊహాశక్తి తక్కువ అని కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి ఎప్పుడో విమర్శించాడు. ఒక అందమైన అమ్మాయిని కూర్చోబెట్టి, రెండు చేతులు అదనంగా తగిలిస్తే సరస్వతి అయిపోతుందా?

నల్లసిరా: కుమారస్వామి మాటే వేదమా అండీ? ఆయనా, కలకత్తా ఆర్ట్ స్కూల్ నడిపిన హావెల్ అనే ఇంగ్లీషాయనా కలిసి ఏది భారతీయమో తేల్చేశారు. వాళ్లు మెచ్చిన బెంగాల్ చిత్రకారుడు అబనీంద్రనాథ్ ఠాగూర్ 1905లో వేసిన భారతమాత బొమ్మలో, నీటి రంగుల్ని పలచగా పరిచే జపాన్ వాష్ పద్ధతి ఛాయ ఉంది. జపాన్ నుంచి తెచ్చుకుంటే స్వదేశీ, యూరప్ నూనె రంగులు వాడితే పరాయిదా?

ఇంకో సంగతి. రవివర్మ పుట్టిన తిరువాంకూరులో అన్ని కులాల హిందువులకూ గుడి తలుపులు తెరుస్తూ ప్రకటన వచ్చింది 1936లో. ప్రెస్ పెట్టిన 42 ఏళ్లకు! పటం కొనుక్కోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

గంధపుచెక్క: అది పంపిణీ గురించిన వాదన, బొమ్మ గురించి కాదు. అందరికీ చేరింది సరే, చేరిన రూపం ఎవరిది? తెల్లటి ఒళ్లు, ఒంటినిండా నగలు, దేవతలంతా పెద్దింటి కోడళ్లలా ఉంటారు.

వేపమండ: నా బాధ కూడా అదే. మా ఊళ్లో పోచమ్మ అంటే ఒక రాయి, పసుపు, బొట్టు, అంతే. ఇప్పుడు ఆమెకీ పటం వచ్చింది, ముఖం మాత్రం ఆ లక్ష్మిదే. తెలంగాణలో కథలు చెప్పడానికి గీసే చేర్యాల నకాషీ పటాల్లో ఎర్రటి నేపథ్యం మీద కథంతా వరసగా నడుస్తుంది. ఆ చూపే వేరు. అయితే తప్పంతా రవివర్మ మీద వేయను. ప్రెస్‌ను ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మేశాక ఆ బొమ్మలు రవివర్మ చేయి దాటిపోయాయి. మిగతాది క్యాలెండర్ వ్యాపారులు చేశారు.

నల్లసిరా: 1936 అంటే గుర్తొచ్చింది. జర్మన్ ఆలోచనాపరుడు వాల్టర్ బెంజమిన్ ప్రసిద్ధ వ్యాసం అచ్చయిందీ ఆ ఏడాదే. యంత్రం కాపీలు తీస్తే మూలకృతి చుట్టూ ఉన్న ప్రభ వాడిపోతుందని, కళ పూజ నుంచి ప్రదర్శన వైపు జరుగుతుందని ఆయన వాదన. మన దగ్గర తలకిందులైంది చూడండి. కాపీకి జరీ, చమ్కీలు అతికించారు, బొట్టు పెట్టారు, హారతి ఇచ్చారు. మూలచిత్రాన్నేమో మ్యూజియంలో టికెట్ కొని, చెప్పులతోనే చూసి వస్తాం. ప్రభ కాపీకే వచ్చింది! సరుకు అని తీసిపారేస్తే ఇది ఎప్పటికీ అర్థం కాదు.

గంధపుచెక్క: హారతి ఇచ్చారు కాబట్టి గొప్ప బొమ్మ అంటారా? భక్తి వేరు, చిత్రం నాణ్యత వేరు.

కోటిలింగాల రేవు: ఇంతసేపూ దామెర్ల రామారావు పేరు ఎవరూ ఎత్తలేదేం? రాజమండ్రి వాడు, బొంబాయిలో చదివాడు, 1925లో ముప్పై నిండకుండానే పోయాడు. అటు రవివర్మనీ ఇటు అబనీంద్రనాథ్ వాళ్ల బెంగాల్ శైలినీ అనుకరించకుండా తన గీత తాను గీశాడు. ఊళ్లో ఆయన పేరిట గ్యాలరీ ఉంది. మీలో ఎంతమంది ఇళ్లలో ఆయన బొమ్మ ఉంది?

గంధపుచెక్క: నా ఇంట్లో లేదు. నేననేది అదే కదా, అమ్ముడుపోయేదే గోడ మీదికి వస్తుంది.

నల్లసిరా: అంత గ్యారంటీగా అమ్ముడుపోయే సరుకైతే రవివర్మ ప్రెస్ అప్పుల్లో ఎందుకు కూరుకుపోయిందండీ? దానికి జవాబు చెప్పండి ముందు.