31 ఏళ్లకే మోకాలు ఆట మాన్పించేలా ఉంది. కోచింగ్‌లోకి వెళ్లనా? ఇటలీకి చెందిన కోచ్ అన్చెలోటి కెరీర్ బాగా తెలిసినవాళ్లు చెప్పండి

ఆరో నంబర్:

అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా ప్రొఫెషనల్‌గా ఫుట్‌బాల్ ఆడుతున్నాను. డిఫెన్స్ ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్‌ని. కుడి మోకాలికి రెండో ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. నేరుగా పరిగెత్తితే ఏమీ ఉండదు. ఒక్కసారిగా పక్కకి తిరగాల్సి వస్తే మాత్రం ఆ కాలి మీద బరువు వేయడానికి భయం. డాక్టర్ ఆడొద్దని చెప్పలేదు, "ఇక నీ ఇష్టం" అన్నారు. ఆ మాటతోనే నాకు సగం అర్థమైపోయింది.

క్లబ్ వాళ్లు అండర్-15 జట్టుకి అసిస్టెంట్‌గా ఉండమన్నారు. మూడు వారాలుగా వెళ్తున్నాను. బాల్ నా దగ్గరికి రాకముందే తర్వాతి పాస్ ఎటో నాకు కనిపిస్తుంది. పిల్లలకి కనిపించదు. ఆడి చూపిస్తాను. చూసి చప్పట్లు కొడతారు, మళ్లీ అదే తప్పు చేస్తారు. మొన్న గురువారం ఒక అబ్బాయి మీద గట్టిగా అరిచేశాను. ఆ తర్వాత గంటసేపు వాడు ఒక్కసారి కూడా బాల్ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కింది డివిజన్‌లో ఇంకో రెండేళ్లు ఆడనా, ఇప్పుడే ఇటు వచ్చేయనా? అన్చెలోటికి కూడా మోకాళ్ల సమస్యేనని, మన పొజిషనేనని అంటారు. ఆయన అసలు ఎలా మారాడు?

కార్నర్ జెండా:

లైసెన్స్ మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టండి. యూరప్‌లోనైనా ఆసియాలోనైనా బి, ఎ, ప్రో అని ఒక్కో మెట్టూ ఎక్కాల్సిందే, మధ్యలో జట్లతో పనిచేసిన అనుభవం కూడా కావాలి. ఆట పూర్తిగా మానేశాక చూద్దాంలే అనుకుని నేను నాలుగేళ్లు పోగొట్టుకున్నాను.

టచ్‌లైన్ 22:

తమ్ముడూ అంటాను, ఏమనుకోకు. తొమ్మిదేళ్లు నీ పొజిషన్‌లోనే ఆడి, 22 ఏళ్లుగా పిల్లల జట్లకి కోచ్‌గా ఉన్నాను.

నువ్వు విన్నది నిజమే. రోమా క్లబ్‌కి ఆడే రోజుల్లో ఆయన మోకాళ్లు రెండూ దెబ్బతిన్నాయి. 1982 ప్రపంచ కప్ అలాగే పోయింది. ఇటలీ ఆ కప్ గెలిచింది, జట్టులో ఆయన లేడు. 1987లో మిలాన్‌కి తీసుకునేటప్పుడు ఆ మోకాళ్లు చూసి క్లబ్ వెనకాడితే, కోచ్ సాకీ పట్టుబట్టి తెప్పించుకున్నాడు. 1989, 1990ల్లో వరసగా రెండు యూరోపియన్ కప్‌లు గెలిచారు. 1992లో ఆట ఆపి, నేరుగా వెళ్లి ఇటలీ జట్టులో అదే సాకీకి అసిస్టెంట్‌గా చేరాడు.

ఎవరు చెప్పినా ఇంతవరకే చెప్తారు. నీకు పనికొచ్చేది ఆ తర్వాతి కథ.

సాకీ ఎప్పుడూ ప్రొఫెషనల్‌గా ఆడలేదు. ఆయన బలమంతా పద్ధతిలో ఉండేది. 4-4-2 (వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు), అందరూ కలిసి ప్రెస్ చేయడం, అంటే బాల్ ఉన్నవాడి మీదికి వెళ్లి ఒత్తిడి పెట్టడం, అందరూ కలిసి వెనక్కి రావడం. అన్చెలోటి కోచ్‌గా బయల్దేరినప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు వెంట తీసుకెళ్లాడు. రెజ్జానా క్లబ్‌ని 1996లో ఇటలీ మొదటి డివిజన్ సీరీ ఎ కి ఎక్కించాడు. వెంటనే పార్మా క్లబ్ పిలిచింది. అక్కడ జోలా లాంటి ఆటగాణ్ని ఎడమ పక్కకి నెట్టాడు. ఎందుకంటే 4-4-2లో జోలా ఆడే చోటు లేదు. సీజన్ మధ్యలోనే జోలా చెల్సీకి వెళ్లిపోయాడు. అయినా పార్మా రెండో స్థానంలో నిలిచింది, యువెంటస్‌కి రెండే పాయింట్లు తక్కువ. ఫలితం బాగుంది కాబట్టి పద్ధతీ సరైనదే అనిపిస్తుంది కదా. 1997లో ఇటలీ స్టార్ రొబెర్టో బాజో పార్మాకి రావడానికి సిద్ధమయ్యాడు. స్ట్రైకర్ల వెనక ఆడతానన్నాడు. నా జట్టులో ఆ చోటు లేదని అన్చెలోటి వద్దన్నాడు. బాజో బొలోన్యాకి వెళ్లి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. అది తన తప్పేనని అన్చెలోటి తర్వాత తనే ఒప్పుకున్నాడు.

ఇది నాకు ఎందుకంత గుర్తుందో చెప్తాను. నా దగ్గర ఒక పదమూడేళ్ల పిల్లాడు ఉండేవాడు. పొట్టిగా ఉండేవాడు, ఒక చోట నిలిచేవాడు కాదు, బాల్ ఎక్కడుంటే అక్కడ తేలేవాడు. నేను 4-4-2 తప్ప మరోటి ఎరగను. కుడి పక్కన పెట్టాను. అక్కడ ఉండలేకపోతే బెంచ్ మీద కూర్చోబెట్టాను. రెండు నెలలకి రావడం మానేశాడు. క్లబ్ ఇచ్చిన బూట్లు తిరిగివ్వడానికి వాళ్ల నాన్న వచ్చాడు. శుభ్రంగా తుడిచి, లేసులు కొత్తవి వేసి తెచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బూట్లు అలమరలో పెడుతుంటే నా చేతులు వణికాయి.

తర్వాత అన్చెలోటి ఏం చేశాడో చూడు. 1999లో యువెంటస్‌కి వెళ్తే అక్కడ జిదాన్ ఉన్నాడు. జిదాన్‌ని ఓ పక్కకి నెట్టగలరా? ఈసారి ఆయనే తన 4-4-2ని పక్కన పెట్టి, స్ట్రైకర్ల వెనక జిదాన్‌కి చోటిచ్చాడు. లీగ్ దక్కలేదు. 2000లో ఆఖరి రోజు పెరూజాలో వానకి గ్రౌండ్ చెరువైపోయి ఆట గంటకు పైగా ఆగింది, 1-0తో ఓడిపోయి టైటిల్ లాట్సియోకి వదిలేశారు. మరుసటి ఏడాదీ రెండో స్థానమే, ఉద్యోగం పోయింది. అయినా నేర్చుకున్నది వదల్లేదు. మిలాన్‌లో పిర్లో, రుయ్ కోస్టా, సేడోర్ఫ్ లాంటివాళ్లని ఒకే జట్టులో ఆడించాడు. పది నంబర్‌గా, అంటే స్ట్రైకర్ల వెనక ఆడేవాడిగా పెరిగిన పిర్లోని డిఫెన్స్ ముందు నిలబెట్టాడు, అంటే మన చోట్లో. 2003 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో తనని పంపేసిన యువెంటస్‌నే పెనాల్టీల్లో ఓడించాడు. అప్పటినుంచి మొన్నటి బెలింగమ్ వరకూ అదే తీరు. 2023లో రియల్ మాడ్రిడ్ నుంచి స్ట్రైకర్ బెంజెమా వెళ్లిపోయాక మరో బెంజెమా కోసం వెతక్కుండా, మిడ్‌ఫీల్డర్ బెలింగమ్‌ని ముందుకి జరిపాడు. లీగ్‌లో 19 గోల్స్ వచ్చాయి, కోచ్‌గా ఆయనకి ఐదో ఛాంపియన్స్ లీగ్ కూడా వచ్చింది.

ఇక నీ గురువారం సంగతి. నువ్వు ఆడి చూపిస్తే పిల్లలు నీ కాలు చూస్తారు. నీ ఆట కాల్లో లేదు తమ్ముడూ, మెడలో ఉంది. బాల్ రాకముందు రెండు సార్లో మూడు సార్లో భుజం మీదుగా వెనక్కి చూస్తావు. పన్నెండేళ్ల అలవాటు కాబట్టి చూస్తున్నట్టు నీకే తెలియదు. తెలియనిది నేర్పలేవు. నీ పాత వీడియో ఒకటి పెట్టుకుని బాల్‌ని వదిలేసి, నీ తలనే చూడు. తర్వాత ఒక నెల పాటు ఏదీ ఆడి చూపించకు. ఆట మధ్యలో విజిల్ వేసి, "ఎవరూ వెనక్కి తిరగొద్దు, నీ వెనక ఎవరున్నారో చెప్పు" అని అడుగు.

ఎడమ బ్యాక్:

పైన అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అదే పొజిషన్ నుంచి వచ్చిన షాబీ అలోన్సోని చూడండి. రియల్ మాడ్రిడ్‌లోనూ బయర్న్‌లోనూ అన్చెలోటి కిందే ఆడాడు. 2017లో ఆపేశాక, అంత పేరున్నవాడు పెద్ద జట్టు కోసం చూడకుండా, రియల్ మాడ్రిడ్‌లో అండర్-14 పిల్లల దగ్గర మొదలుపెట్టాడు. తర్వాత మూడేళ్లు రియల్ సొసియెదాద్ బి జట్టు. 2021లో రెండో డివిజన్‌కి ఎక్కించాడు, మరుసటి ఏడాదే ఆ జట్టు మళ్లీ కిందికి పడింది. 2022 అక్టోబర్‌లో జర్మన్ క్లబ్ లెవర్‌కూసెన్ తీసుకునేటప్పటికి వాళ్లు పట్టికలో చివరి నుంచి రెండో స్థానంలో ఉన్నారు. 2023-24లో 28 గెలుపులు, 6 డ్రాలు, ఒక్క ఓటమి లేకుండా జర్మన్ లీగ్ బుండెస్‌లీగా గెలిచారు. కాబట్టి అండర్-15 చిన్న పని అనుకోకండి.

కింది డివిజన్‌లో రెండేళ్లు అన్నారు. నేను అలాగే ఆడాను. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ రెయిలింగ్ పట్టుకుంటాను. నా మాట వినండి, వద్దు.

ఆరో నంబర్:

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అన్న చెప్పినట్టే నా పాత మ్యాచ్ పెట్టుకుని చూశాను. ఒక పాస్‌కి ముందు నాలుగు సార్లు వెనక్కి చూశాను. నాకు నిజంగా తెలియదు. మా ఆవిడని కూడా పిలిచి చూపించాను.

నిన్న ప్రాక్టీస్‌లో విజిల్ వేసి అడిగాను. మొదట్లో అందరూ తప్పే చెప్పారు. అరగంట తర్వాత ఒకడు, "ఎవరూ లేరు సార్, తిరగొచ్చు" అన్నాడు. వెంటనే తిరిగి ముందుకి పాస్ ఇచ్చాడు. మామూలు పాసే, పది గజాలు. కానీ వాడు తనంతట తను చూసి ఇచ్చాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టాను. క్లబ్‌కి కూడా ఇక ఆడనని చెప్పేశాను. చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది.

ఒక్కటే మిగిలింది. నేను అరిచిన అబ్బాయి ఇంకా బాల్ అడగడం లేదు. అందరి ముందూ సారీ చెప్పనా?

టచ్‌లైన్ 22:

అందరి ముందూ వద్దు, వాడు ఇంకా ముడుచుకుపోతాడు. ఒంటరిగా ఉన్నప్పుడు రెండు ముక్కల్లో చెప్పు, అరవడం నా తప్పని. సాకులు కలపకు. ఆ తర్వాత, మైదానంలో ఎక్కడ ఆడితే నీకు బాగుంటుందని వాణ్నే అడుగు. నేను ఆ పిల్లాణ్ని ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు.

ఆరో నంబర్:

రేపు ఐదున్నరకి ప్రాక్టీస్. వాడు రోజూ అందరికంటే ముందే వచ్చి గోడకి బాల్ కొట్టుకుంటూ ఉంటాడు. నేను ఐదింటికే వెళ్తున్నాను అన్నా.