నాటు కోళ్లకు ఆర్‌2బీ (కొక్కెర తెగులు టీకా) సూది: మందలో అన్ని వయసులవీ ఉంటే ఎలా?
పక్క ఊళ్లో కొక్కెర తెగులు మొదలైంది, మెడ వంకర పోయి, పచ్చగా పారుకుంటూ చస్తున్నాయంటున్నారు, ఇక్కడ మాకు టెన్షన్. పెరట్లో 40 దాకా నాటు కోళ్లున్నాయి. పెద్దవాటికి పిల్లలప్పుడు కంట్లో లసోటా (ఇదే తెగులుకు చిన్న పిల్లలకు వేసే టీకా) చుక్క వేశాం కానీ 8 వారాలకు రెక్క కింద వేయాల్సిన ఆర్‌2బీ ఇంకా పడలేదు. ఇప్పుడు చూస్తే గుడ్లు పెట్టేవి, పొదుగు మీదున్నవి, తల్లి వెంట తిరిగే పిల్లలు అన్నీ కలిసే ఉన్నాయి. పెట్టే పెట్టలకు ఈ సూది వేస్తే గుడ్లు తగ్గిపోతాయా? పిల్లలకు లసోటా, పెద్దవాటికి ఆర్‌2బీ ఒకే రోజు వేసేయొచ్చా? వారం ముందు నులిపురుగుల మందు తాగించమంటారు, అంత టైమ్ ఎక్కడిది, నేరుగా సూది వేస్తే పని చేస్తుందా? సీసా చిన్నదైనా 100 డోసులదే దొరికింది, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి కదా, అందుకే పక్కింటివాళ్ల కోళ్లకూ వేద్దామనుకుంటున్నా. నాటు కోళ్లు పెంచినవాళ్లెవరైనా కాస్త త్వరగా చెప్పండి.