విండోస్ 11 వేసినంక నంబర్లు పోయినయ్, తప్పెవరిది?

ఎనుమాముల అడ్తి: రైతుల మిర్చి అమ్మిపెట్టే నా అడ్తి దుకాణం కంప్యూటర్‌ల విండోస్ 10 ఉండె. 2025 అక్టోబర్ 14తోని దానికి సపోర్ట్ బందయిందంటె ఒకాయినకు ఇచ్చి 11 వేయించిన. ఇప్పుడు నంబర్లు రాసుకునే పీపుల్ యాప్ లేదు, మిర్చి రైతుల నంబర్లు లేవు. "చపాటా, నల్లబెల్లి, ఎడ్లబండాయన" అని మిర్చి రకం, ఊరు, మనిషి గుర్తువెట్టి రాసుకున్నయి. తప్పు వేసినోనిదే.

చౌరస్తా సర్వీస్: పీపుల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31నే సపోర్ట్ ఆగింది, మెయిల్, క్యాలెండర్ యాప్‌లతో పాటు. పాత మెయిల్ ఐడీతోని ఔట్‌లుక్‌ల లాగినై కాంటాక్ట్స్ చూడుర్రి. అకౌంట్‌ల ఉన్నయి ఎటూ పోవు.

ఎనుమాముల అడ్తి: చూసిన. ఐదే ఉన్నయ్. గ్యాసోడు, కరెంటాయిన, గంతే.

చౌరస్తా సర్వీస్: మిగిలినయి మిషన్‌లనే సేవ్ అయినయన్నట్టు. సీ డ్రైవ్‌ల విండోస్.ఓల్డ్ ఫోల్డర్ ఉన్నదా? ఫార్మాట్ కొట్టకుంటె పాతదంతా అండ్లకు పోతది. పది రోజులైతె అదే చెరిగిపోతది.

ఎనుమాముల అడ్తి: లేదు. పన్నెండు రోజులైంది. పది రోజుల ముచ్చట ఆయిన నాకు చెప్పనే లేదు.

కాజీపేట తమ్ముడు: బ్యాకప్ తీసుకునుడు మీ పని. బిల్లు మీద "డేటా బాధ్యత మాది కాదు" అని రాసి ఉన్నదా లేదా? అది చెప్పుర్రి.

ఎనుమాముల అడ్తి: బిల్లే ఇయ్యలే.

కాజీపేట తమ్ముడు: బిల్లు లేకుంటె అడిగే హక్కెక్కడిది?

చౌరస్తా సర్వీస్: బిల్లు పక్కకు పెట్టు తమ్మీ. హార్డ్‌డిస్క్ అయితె ఇప్పుడే బంద్ చేసి రికవరీకి ఇయ్యుర్రి, కొత్త ఫైల్ పడితె పాతది దొరకదు. ఎస్‌ఎస్‌డీ, అంటె చిప్పుల డిస్క్, అయితె ఆశ తక్కువ. కానీ మా మీద పడుడు ఆపుర్రి. పోయిన ఏడు ఒకాయిన పెండ్లి ఫొటోలు పోయినయని నా షట్టర్ ముంగట పొద్దుమీకిందాక లొల్లి పెట్టిండు. లోపల ఏమున్నదో మాకెట్ల ఎరుక?

ఎనుమాముల అడ్తి: అడిగితె ఎరుకైతది! "అన్నా, పనికొచ్చేటియి ఏమున్నయ్?" అని ఒక్క మాట. ఆ ఎడ్లబండాయనకు నేనే పద్దెనిమిది వేలు బాకీ. ఫోన్ చేస్త, వచ్చి తీస్కపో అని మాటిచ్చిన. నంబర్ లేదు. మోసం చేసిండనుకోడా? నాకు కంప్యూటర్ బాధ కాదు, ఈ బాధ.

నర్సంపేట రైతుబిడ్డ: ఈ ముక్క ముందే చెప్పాలె. తక్‌పట్టీల, అంటె సరుకు అమ్మినప్పుడు రాసే చీటిల, ఆయన పేరు, ఊరు ఉంటయి గద. పైసలు పట్టుకోని మీరే నల్లబెల్లికి పోతె అయిపాయె. మా బాపు గిట్లనే ఒక అడ్తాయన ఫోన్ కోసం సంక్రాంతి దాక చూసిండు.

చౌరస్తా సర్వీస్: నేను గూడ ఇగ అడిగినంకనే ముట్టుకుంట అన్నా. సిస్టం ఆన్ చెయ్యకుండ తీస్కరార్రి.

ఎనుమాముల అడ్తి: తక్‌పట్టీ దొరికింది. పొద్దుగాల నల్లబెల్లికి పోతున్న.

కాజీపేట తమ్ముడు: బిల్లు సంగతి ఇంకా తేలలే.