బెల్టు ఎగదన్నింది అనవచ్చా?

భీమవరం నుంచి ప్రశ్న:
మా అబ్బాయి ఫ్యాక్టోరియో ఆడుతుంటాడు. గనిలో తవ్విన ఖనిజాన్ని బెల్టుల మీద కొలిమికి, అక్కడి నుంచి యంత్రాలకు పంపుతూ కర్మాగారం కట్టుకునే కంప్యూటర్ ఆట. ముందున్న బెల్టు నిండిపోయి, దాని వెనకున్న యంత్రాలన్నీ వరుసగా ఆగిపోతే తెలుగులో ఏమనాలి? ‘జామ్’ తప్ప నాకేమీ తోచలేదు.

రాజోలు నుంచి జవాబు:
‘ఎగదన్నింది’ అనండి. సముద్రం పోటు మీద ఉంటే మురుగు కాలువల నీరు కిందికి దిగక వెనక్కి వస్తుంది కదా, దానికి మనవాళ్లు వాడే మాటే. ఎగబాకడంలోని ‘ఎగ’కు ‘తన్ను’ చేరింది.

ఈ మాట లేకపోవడం వల్లే కొత్తవాళ్లు తికమకపడతారని నా అనుమానం. యంత్రం ఆగితే సరుకు చాలలేదనుకుని మరో గని తవ్వుతారు. చమురు దగ్గర చూడండి. ఆటలో మెరుగైన శుద్ధి పద్ధతికి మారాక రిఫైనరీ నుంచి భార నూనె, తేలిక నూనె, పెట్రోలియం వాయువు అని మూడు వస్తాయి. ఈ మూడింటిలో ప్లాస్టిక్కుకు కావాల్సింది వాయువు ఒక్కటే. భార నూనె ట్యాంకు నిండిందా, రిఫైనరీ మొత్తం ఆగిపోతుంది, వాయువు కూడా రాదు. ముడి చమురు ఎంత పోసినా లాభం లేదు. భార నూనెను తేలిక నూనెగా, దాన్ని వాయువుగా మార్చే ఏర్పాటు ఉండాలి. సాగు కాలువ తవ్వి మురుగు కాలువ మరిచిపోతే చేను మునగక ఏమవుతుంది?

సరుకు నిజంగానే అందకపోతే అది వేరే సంగతి. దానికి ‘శివారు’ ఉంది. పసుపు బెల్టు మీద సెకనుకు 15 ముక్కలు నడుస్తాయి. రాతి కొలిమికి ఒక ఇనుప రేకు తీయడానికి 3.2 సెకన్లు పడుతుంది. అంటే ఒక నిండు బెల్టు 48 కొలుములకు సరి. 60 పెడితే చివరి 12 శివారు కొలుములే; ఎగువవాళ్లు తీసుకున్నాక మిగిలేదేమీ ఉండదు.

పాలకొల్లు నుంచి:
శివారు అంటే ఊరి పొలిమేర అని కదండీ అర్థం? పైగా కాలువ నిండితే గట్టు తెగుతుంది, బెల్టు నిండితే ఊరికే నిలబడుతుంది. ఈ పోలిక ఎంతదాకా సాగుతుంది?

రాజోలు నుంచి:
గండి పడదన్నది నిజమే, ఒప్పుకుంటాను. శివారు మాత్రం వదలను. ఏటా రబీలో ‘శివారు భూములకు నీరందలేదు’ అని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అక్కడ పొలిమేర కన్నా కాలువ చివరే ముఖ్యం.

భీమవరం నుంచి:
మరి ఒక బెల్టును రెండుగా పంచే పరికరానికి ‘వంతు’ అంటే కుదురుతుందా?

పాలకొల్లు నుంచి:
కుదరదు. వంతులవారీ అంటే కొన్నాళ్లు మీకు, కొన్నాళ్లు మాకు. ఆ పరికరం రెండు వైపులకూ ఎప్పుడూ పంచుతూనే ఉంటుంది, ఒక వైపు ఎగదన్నితే మొత్తం రెండో వైపుకే పంపుతుంది. ‘పాయ’ నయం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలేది ఏకకాలంలోనే కదా. (చూశారా, మీ ఎగదన్నడం నేనూ వాడేశాను.)

భీమవరం నుంచి:
మావాడి ట్యాంకు చూశాను. భార నూనెతో అంచులదాకా నిండి ఉంది. వాడేమో నాలుగో చమురు బావికి గొట్టం వేస్తున్నాడు. భార నూనెను తేలిక నూనెగా మార్చడానికి కూడా ఒక మాట కావాలి. రాజోలు వారికి తాటిపాక రిఫైనరీ పక్కనే కాబట్టి, అక్కడి పనివాళ్లు ఏమంటారో అడిగి చెప్పండి.