పాత పిల్లర్ డ్రిల్లు మిషను కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా బాగుచేసుకోవాలి?

ప్రశ్న (కావలి)

అందరికీ నమస్కారం. ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న పనిగది పెట్టుకుని, తీరిక వేళల్లో గేట్లకు, కిటికీలకు కావలసిన ఇనుప పని, కొంత వడ్రంగం పని చేసుకుంటూ ఉంటాను. ఇంతవరకు చేతి డ్రిల్లుతోనే నెట్టుకొచ్చాను గాని, మందపాటి పట్టీలో 10 మిల్లీమీటర్లు దాటిన రంధ్రం నిటారుగా వేయాలంటే దానితో కావడం లేదు. కొత్తగా అమ్ముతున్న తక్కువ ధర బెంచ్ డ్రిల్లులు కొన్ని చూశాను. వాటి స్తంభం సన్నగా ఉంది, హ్యాండిలు గట్టిగా నొక్కితే బల్ల వంగుతోంది.

ఈ మధ్య పాత ఇనుము కొట్టులో, మూతపడిన ఒక రైసు మిల్లు నుంచి వచ్చిన సామాను మధ్య, నిలువెత్తు పిల్లర్ డ్రిల్లు ఒకటి కనబడింది. మొత్తం పోత ఇనుము. బెల్టు మార్చి వేగం మార్చుకునే మెట్ల పుల్లీలు ఉన్నాయి, త్రీ ఫేజ్ మోటారు ఉంది. బిట్టును పట్టుకునే చక్కు తుప్పుతో బిగుసుకుపోయింది. తయారీదారు పేరు పలక ఊడిపోయింది. కొట్టు యజమాని కిలో లెక్కన ఇస్తానంటున్నారు. మా ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. పైగా తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా దగ్గర ఏ ఇనుప వస్తువూ ఎక్కువ కాలం శుభ్రంగా ఉండదు.

ఇలాంటి మిషనులో ఏ లోపం ఉంటే వదిలేయాలి, ఏ లోపాన్ని చూసి భయపడనక్కరలేదు? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1 (ఒంగోలు)

కావలి మిత్రునికి నమస్కారం. ఫిట్టర్ పని నేర్పుతూ ఉద్యోగం ముగించినవాణ్ణి కాబట్టి ఈ మిషన్ల మీద నాకు మమకారం ఉంది. కొనే విషయంలో మాత్రం ఆ మమకారాన్ని పక్కన పెట్టి చెబుతున్నాను. తుప్పు, మోటారు, బెల్టు, చక్కు, ఈ నాలుగింటినీ చూసి ఎవరూ పాత మిషనును వదులుకోకూడదు, ఎందుకంటే ఇవన్నీ మార్చుకోగలిగినవి లేదా శుభ్రం చేసుకోగలిగినవి. చూడవలసింది పోత ఇనుములో పగులు ఉందా అని, చక్కును తిప్పే ఇరుసును, అంటే స్పిండిల్‌ను, మోస్తూ పైకీ కిందికీ కదిలే గొట్టం, అంటే క్విల్, తన గూడులో వదులైందా అని.

పగులు కంటికి ఆనదు. స్తంభాన్ని పట్టుకునే చెవుల దగ్గర, బల్ల చేయి మొదట్లో, కింది పీట బోల్టు రంధ్రాల చుట్టూ రంగు గీకి, కిరోసిన్ పూసి కాసేపు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి పొడి మీద తడి గీత తేలుతుంది. తల భాగంలో, అంటే క్విల్ గూడు ఉన్న పోతలో, అలాంటి గీత కనబడితే అక్కడితో ఆగిపోండి. బల్ల చేయిలో కనబడితే అది వేరే సంగతి, దానికి మార్గముంది.

తరువాత హ్యాండిలు తిప్పి క్విల్‌ను పూర్తిగా కిందికి దించి, చక్కును రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊపండి. కదలిక తెలిస్తే అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి, అసలు పరీక్ష అదే. క్విల్ తల నుంచి బయటికి వచ్చే చోట వేలి కొనను రెండింటికీ తగిలేలా ఆనించి మళ్లీ ఊపితే, క్విల్ కదులుతోందా, లేక క్విల్ కదలకుండా లోపలి స్పిండిల్ మాత్రమే కదులుతోందా అన్నది వేలికి స్పష్టంగా తెలుస్తుంది. స్పిండిల్ మాత్రమే కదిలితే బేరింగులు అరిగాయన్నమాట. పాతవాటి మీద చెక్కిన నంబరు చదివి అవే కొత్తవి తెచ్చుకోవచ్చు. క్విలే కదిలితే, ముందుగా తల పోతకు నిలువు చీలిక, దాన్ని బిగించే బోల్టు ఉన్నాయేమో చూడండి. ఉంటే కొంతవరకు బిగించుకోవచ్చు. లేకపోతే గూడును బోరింగు చేయించి స్లీవ్ వేయించాలి. ఆ ఖర్చు మిషను విలువను మించిపోవచ్చు.

చక్కు బిగుసుకుపోయిందన్నారు. అది స్పిండిల్‌లో కోసుగా, అంటే ఒక కొసకు సన్నబడుతూ, దిగి ఉంటుంది. క్విల్‌ను దించితే స్పిండిల్‌లో పొడవాటి గాడి కనబడుతుంది. అందులో డ్రిఫ్టు అనే చీల పెట్టి సుత్తితో చిన్నగా తడితే చక్కు ఊడివస్తుంది, కింద చెక్క పెట్టడం మరవకండి. ఈ కోసు ఏర్పాటు 1860ల దశకంలో స్టీఫెన్ మోర్స్ రూపొందించినది. మీరు చెప్పిన పరిమాణంలో సాధారణంగా 2వ నంబరు మోర్స్ టేపర్ ఉంటుంది, దాని వెడల్పు వైపు వ్యాసం 17.78 మిల్లీమీటర్లు. లోపల వేలు పెట్టి చూసినప్పుడు గీతలు, బుడిపెలు తగిలితే లేతు షాపులో అదే నంబరు హ్యాండ్ రీమరుతో, అంటే రంధ్రం లోపలి గోడను చేత్తో తిప్పి సరిచేసే పనిముట్టుతో, చాలా తక్కువగా గీకించండి. బుడిపె పోతే చాలు, మెరిసేదాకా గీకితే కోసు చెడుతుంది. చక్కు సంగతికి వస్తే, తాళంచెవితో బిగించే నమూనాకు ఆర్థర్ జేకబ్స్ 1902లో పేటెంటు పొందారు, నేటికీ అమరిక అదే. పాతది పనికిరాకపోయినా, మీ స్పిండిల్ కోసుకు సరిపోయే పిడితో కొత్త 13 మిల్లీమీటర్ల చక్కు పెట్టుకోవచ్చు.

మిషను విప్పేటప్పుడు ఒక జాగ్రత్త ప్రాణంలా పాటించండి. హ్యాండిలు ఎదురుగా గుండ్రటి డబ్బాలో క్విల్‌ను పైకి లాగే చుట్ట స్ప్రింగు ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా వదులు చేయకుండా మూత తీస్తే ఒక్కసారిగా విచ్చుకుని వేళ్లు కోస్తుంది. బేరింగులు ఎక్కించేటప్పుడు బిగువుగా కూర్చోవలసిన రింగు మీదనే ఒత్తిడి పడాలి. స్పిండిల్ మీదికి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద కొట్టినవారు కొత్త బేరింగును అప్పుడే పాడుచేసినట్టే. మూత ఉన్న బేరింగులైతే వేడి 80 డిగ్రీలు దాటనివ్వకండి, లోపలి గ్రీజు, సీలు చెడిపోతాయి.

పేరు పలక లేకపోవడం గురించి దిగులు పడకండి. ఇలాంటి మిషన్లు రాజ్‌కోట్‌లోనూ, పంజాబ్‌లోని బటాలాలోనూ విస్తారంగా తయారయ్యాయి. పోత మీదే అక్షరాలు పోసి ఉండవచ్చు, రంగు గీకినప్పుడు వెదకండి.

సమాధానం 2 (నెల్లూరు)

పైన మాస్టారు మోటారు మార్చుకోగలిగినదన్నారు. నిజమే, కానీ అది కాలిపోయి ఉంటే తప్ప మార్చవద్దని నా సలహా. మోటార్ల రివైండింగు మా వృత్తి. పాత త్రీ ఫేజ్ మోటారుకు ఉండే సాఫీ నడక సింగిల్ ఫేజ్ మోటారుకు రాదు.

సింగిల్ ఫేజ్ 230 వోల్టులు తీసుకుని త్రీ ఫేజ్ 230 వోల్టులు ఇచ్చే వి.ఎఫ్.డి. అనే పెట్టెలు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి. ముందు మోటారు పలక చూడండి. స్టార్, డెల్టా అనేవి మోటారు లోపలి మూడు చుట్టలను కలిపే రెండు పద్ధతులు. 415 వోల్టులు, స్టార్ కనెక్షన్ అని ఉంటే అదే మోటారును డెల్టాగా మార్చినప్పుడు 240 వోల్టులకు సరిపోతుంది. టెర్మినల్ పెట్టెలో ఆరు తీగలు ఉంటే పట్టీలు మార్చడంతో పని అయిపోతుంది, మూడే ఉంటే స్టార్ ముడి చుట్టల లోపల ఉందన్నమాట, దాన్ని విప్పి మిగతా మూడు కొసలు బయటికి తీయడం రివైండింగు తెలిసినవారి పని. ఈ పెట్టెకూ మోటారుకూ మధ్య వేరే స్విచ్చి పెట్టకూడదు. నడపడం, ఆపడం పెట్టెకు ఉన్న కంట్రోలు మీటలతోనే జరగాలి. స్పీడు తగ్గించవచ్చు కదా అని 20 హెర్ట్జ్ దగ్గర ఎక్కువసేపు నడిపితే మోటారు వెనుక ఫ్యాను కూడా నెమ్మదించి చుట్టలు వేడెక్కుతాయి, పైగా తక్కువ స్పీడులో బలం కావాలంటే మెట్ల పుల్లీ బెల్టు మార్చడమే సరైన దారి.

మోటారు పూర్తిగా పోయి ఉంటే అర హార్స్ పవర్ లేదా ఒక హార్స్ పవర్, నిమిషానికి 1440 చుట్ల సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారు పెట్టండి. 2880 చుట్లది చవకగా వచ్చిందని తేవద్దు, పుల్లీల లెక్క మొత్తం రెట్టింపైపోతుంది.

ఈ పాత మిషన్లకు సాధారణంగా నేరుగా వేసి తీసే స్విచ్చి మాత్రమే ఉంటుంది. అది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. పని మధ్యలో కరెంటు పోయి, మనం స్విచ్చి తీయడం మరచి బిట్టు మారుస్తూ ఉండగా కరెంటు వస్తే చక్కు చేతిలోనే తిరుగుతుంది. సింగిల్ ఫేజ్ మోటారు పెట్టుకుంటే, పొలం మోటార్లకు వాడే స్టార్టరు లాంటిది, నో వోల్ట్ కాయిల్ ఉన్నది, తప్పనిసరిగా బిగించండి. కరెంటు పోతే అది తనంతట తాను విడిపోతుంది, పచ్చ మీట నొక్కితే తప్ప మళ్లీ కలవదు. వి.ఎఫ్.డి. పెట్టుకుంటే, కరెంటు రాగానే తనంతట తిరిగి మొదలయ్యే అమరికను అందులో తీసివేయండి. మిషను ఒంటికి ఎర్తు తీగ విడిగా కలపాలి, సముద్రం దగ్గరి ఊళ్లలో ఎర్తు బిగింపులు తుప్పు పడతాయి కాబట్టి వాటిని అప్పుడప్పుడు విప్పి శుభ్రం చేయాలి.

మీకు పొలం ఉండి, త్రీ ఫేజ్ కోసం వ్యవసాయ సర్వీసు నుంచి తీగ లాగాలనే ఆలోచన వస్తే మానుకోండి. ఇచ్చిన ప్రయోజనానికి కాక వేరే పనికి కరెంటు వాడడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వినియోగమే అవుతుంది.

సమాధానం 3 (ఉదయగిరి)

నేను కొయ్యపని చేసేవాణ్ణి. మా ఊరి చెక్క గరిటెలు, చెంచాలు పేరు పొందినవే, వాటిలో ఎక్కువ పని చేతి ఉలితోనే సాగుతుంది గాని, పెట్టెలకూ, పిడులకూ ఒకే కొలతలో వరుసగా రంధ్రాలు కావలసినప్పుడు పాత బెంచ్ డ్రిల్లే నాకు ఆధారం. అందుకే తుప్పు తీయడం గురించి, స్పీడు గురించి చెబుతాను.

బల్ల పైభాగం మీద యాంగిల్ గ్రైండరు పెట్టకండి. అలా మెరుగు పెట్టిన బల్లలు చూశాను, చూడడానికి తళతళలాడుతూ మధ్యలో గుంట పడి ఉంటాయి. చిన్న భాగాలకు చింతపండు గుజ్జు పట్టించి ఒక రాత్రి ఉంచినా పైపై తుప్పు వదులుతుంది. పెద్దవాటికి ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలిపి, బ్యాటరీ చార్జరు మైనస్ తీగను తుప్పుపట్టిన భాగానికి, ప్లస్ తీగను మామూలు ఇనుప రేకుకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా ముంచండి. స్టెయిన్‌లెస్ రేకు వాడకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీటిలో చేరుతుంది. అల్యూమినియం పుల్లీలను ఈ సోడా నీరు తినేస్తుంది, చుట్ట స్ప్రింగును పెళుసు చేయవచ్చు, కాబట్టి వాటినీ, బేరింగులనూ దీనిలో వేయకండి. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక తొట్టి ఆరుబయట ఉండాలి, దగ్గరలో బీడీ కూడా వెలిగించరాదు. బయటికి తీసిన భాగాన్ని కడిగి, ఎండలో వేడెక్కనిచ్చి, వెంటనే నూనె పట్టించకపోతే గంటలోనే ఎర్రబడుతుంది.

పాత రంగును పొడిగా రాపిడి చేసి దుమ్ము లేపకండి, అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. నీటితో తడుపుతూ ఎమెరీ పేపరు రుద్దండి. కొత్త రంగు వేయడం తప్పనిసరి అని నేను అనుకోను. గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగును అలాగే ఉంచి, ఊడిన చోట మాత్రమే ప్రైమరు, రంగు వేసినా మిషనుకు లోటేమీ లేదు.

మీ ఉప్పుగాలికి స్తంభం మీద రోజూ నూనె గుడ్డ ఒకసారి తిప్పండి, బల్లకు మైనం పాలిష్ పట్టించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల కాలంలో ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే నిలిచిపోతుంది, పాత నూలు దుప్పటి మేలు.

స్పీడు లెక్క చాలామంది పట్టించుకోరు గాని బిట్లు మాడేది అక్కడే. మామూలు ఇనుముకు హైస్పీడు స్టీలు బిట్టు అంచు నిమిషానికి 25 మీటర్లు నడవాలని పెట్టుకుంటే, 6 మిల్లీమీటర్ల బిట్టుకు సుమారు 1,300 చుట్లు, 12 మిల్లీమీటర్లకు 660, 20 మిల్లీమీటర్లకు 400 వస్తాయి. కొయ్యకు 10 మిల్లీమీటర్ల బిట్టు 1,500 మీద హాయిగా నడుస్తుంది. చవక కొత్త మిషన్లలో చాలావాటికి 400 దాకా దిగే మెట్టు ఉండదు, మీరు చూసినలాంటి పాత పిల్లర్ మిషన్లలో సాధారణంగా ఉంటుంది.

చేతికి గ్లౌజులు, భుజాన తువ్వాలు ఉంచుకుని డ్రిల్లు దగ్గర నిలబడకండి. చిన్న ముక్కనైనా వైసులో బిగించాలి. రేకుకు రంధ్రం పడి బిట్టు అవతలికి దిగే క్షణంలో ఆ రేకు చేతిలోంచి ఊడి, బిట్టుతో పాటు కత్తిలా తిరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు (కావలి)

మాస్టారికీ, మిగిలిన ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే కొట్టుకు వెళ్లి పరీక్షించాను. క్విల్ గట్టిగా ఉంది, లోపలి స్పిండిల్ మాత్రమే కదులుతోంది. తల పోత శుభ్రంగా ఉంది. మోటారు పెట్టెలో ఆరు తీగలు ఉన్నాయి. అయితే బల్ల చేయిలో, స్తంభాన్ని పట్టుకునే ఒక చెవి మొదట్లో, సుద్దపొడి మీద వేలి పొడవున తడి గీత తేలింది. దీన్ని వెల్డింగు చేయించవచ్చా?

సమాధానం 1 (ఒంగోలు)

చేయించవచ్చు, కానీ మామూలు వెల్డింగు రాడ్డుతో ఒప్పుకోకండి. పోత ఇనుము మీద ఆ అతుకు పక్కనే గాజులా పెళుసైన పొర ఏర్పడి, బోల్టు బిగించగానే మళ్లీ విడిపోతుంది. గ్యాసు మంటతో ఇత్తడి కరిగించి పోసే బ్రేజింగు ఈ చోటుకు నా మొదటి ఎంపిక. పోత ఇనుము ఇంజను భాగాలు అతికిన అనుభవమున్న షాపును ఎంచుకోండి. ముందు పగులు చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ఇక ముందుకు పాకదు. తరువాత పగులు పొడవునా గాడి తీసి, చేయి మొత్తాన్ని నెమ్మదిగా వేడిచేసి, ఇత్తడి పోసి, పొడి బూడిదలో పూడ్చి దానంతట అది చల్లారనివ్వాలి. తొందరపడి నీళ్లు చల్లితే పక్కన కొత్త పగులు వస్తుంది. బ్రేజింగు దొరకకపోతే నికెల్ రాడ్డు వాడవచ్చు, అప్పుడు అంగుళం పొడవు మించకుండా అతుకు వేయడం, వేడిగా ఉండగానే చిన్న సుత్తితో తట్టడం, చేయి తాకగలిగేంత చల్లారాకే తరువాతి ముక్క వేయడం తప్పనిసరి.

ఈ పగులు చూపించి కొట్టు యజమానితో ధర తగ్గించమని అడగడం న్యాయమే. అతుకు పూర్తయ్యాక చెవి రంధ్రం కొద్దిగా ముడుచుకుని ఉండవచ్చు. స్తంభానికి ఇంజినీర్స్ బ్లూ అనే, ఆనే చోట్లను చూపే నీలి రంగు పలుచగా పూసి, చేయిని జారనిచ్చి, నీలం అంటిన చోట్ల మాత్రమే అర్ధచంద్రాకారపు ఆకురాయితో రాయండి. చేయి తన బరువుకు తానే జారేదాకా వచ్చాక బోల్టు బిగించండి, అప్పుడు ఆ చెవి మీద అవసరానికి మించిన లాగుడు పడదు.