కవితా వర్క్‌షాప్‌లో కవి నోరు మెదపకూడదా?

చిత్తుప్రతి (చర్చ మొదలుపెట్టినవారు):
ఒకటో రెండో సంపుటాలు వేసినవాళ్ల కోసం మేం కొందరం కలిసి ఒక కవితా వర్క్‌షాప్ నడుపుతున్నాం. కాపీలు ముందే పంచుతాం. కవి ఒకసారి పైకి చదువుతారు. ఆ తర్వాత చర్చ ముగిసేదాకా మాట్లాడకూడదు, రాసుకోవడమే. 1936లో మొదలైన అమెరికా అయోవా వర్క్‌షాప్ పేరు మీద చాలా చోట్లకు పాకిన పద్ధతి ఇది. ఈమధ్య మొహర్రం నాటి పీర్ల పండుగ మీద ఒక మంచి కవిత వచ్చింది. రాత్రి నిప్పుల గుండం చుట్టూ ఊరి జనం ఆడటం అందులో ప్రాణం. సగంమంది దాన్ని హోమగుండం అనుకున్నారు. చర్చంతా యజ్ఞం, బలి, పౌరోహిత్యం మీదికి పోయింది. రాసినావిడ అక్కడే కూర్చుని విన్నారు, నియమం కాబట్టి పెదవి విప్పలేదు. మా షరతు ప్రకారం వచ్చే సమావేశానికే తిరగరాసి తెచ్చిన ప్రతిలో గుండం లేదు. మతసామరస్యం మీద నాలుగు పాదాల ఉపన్యాసం వచ్చి చేరింది. ఈ మౌన నియమం తీసెయ్యాలని నా పట్టుదల. మీరేమంటారు?

డాలస్ పాఠకుడు:
నేను ఒప్పుకోనండీ. పత్రికలో అచ్చయ్యాక కవి వచ్చి పాఠకుడి పక్కన కూర్చోరు. కవి నోరు విప్పగానే మొదలయ్యేది సమర్థన. "అది మా ఊళ్లో నిజంగా జరిగింది" అంటే చాలు, ఇక ఎవరూ ఏమీ అనలేరు. జరిగిందన్న కారణంతో పాదం బాగుపడదు. అంతమంది హోమం అనుకున్నారంటే ఎక్కడో ఆనవాలు తగ్గింది. ఊదు పొగో, మలీద ముద్దలో, పీరుకు కట్టే దట్టీనో ఒక్కటి ముందు పాదాల్లో పడి ఉంటే ఎవరూ యాగశాల వైపు వెళ్లేవారు కాదు. ఆ సంగతి ఆవిడకు తెలిసింది మౌనంగా విన్నందువల్లే.

మెతుకుసీమ:
డాలస్ గారూ, గదే కవిత మా ఊర్ల చదివితే ఒక్కరు సుత హోమం అనుకోరు. పాఠకుడు పాఠకుడు అంటున్నరు, ఎవరా పాఠకుడు? యజ్ఞం మీద రాసినోళ్లను అరణి అంటే ఏంది, సమిధ అంటే ఏందని ఎవ్వలన్న నిలదీసిన్రా? ఆనవాళ్లు అడిగేది మా పండుగలకే, మా యాసకే. గదిల ఎక్కువమందికి తెలిసింది "అందరికీ తెలిసింది" అయితది, మిగిలింది "అస్పష్టం" అయితది. అమెరికాలనే మాథ్యూ సాలెసెస్ అనే రచయిత 2021ల వచ్చిన తన పుస్తకంల ఈ మౌనం మీదనే కొట్లాడిండు. రాసినోడి లోకం తెల్వనోళ్లు తీర్పు చెప్తుంటే రాసినోడు నోరు మూసుకొని కూసునుడేందని ఆయన వాదన.

పద్యప్రియ:
నాకు అసలు ఇన్ని తిరగరాతల మీదే అనుమానం. తిరుపతి వేంకట కవులు శతావధానాలు చేసిన భాష మనది. అవధాని ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం చెబుతాడు, చెప్పిన పాదం వెనక్కి తీసుకోడు. నిషిద్ధాక్షరిలో ఫలానా అక్షరం వాడొద్దని అక్షరం అక్షరానికీ అడ్డం పడుతుంటే అప్పటికప్పుడే దారి మార్చుకుంటాడు. తొలి ఊపులో ఉన్న బిగువు సవరణలో సడలిపోతుంది. కవి తానే సవరించినా అంతే. ఇంగ్లిష్ కవి ఆడెన్ 1939 సెప్టెంబర్ మీద రాసిన కవితలో ఒక పాదం అబద్ధమనిపించి మార్చాడు, చివరికి 1966 సంకలనంలోంచి ఆ కవితనే తీసేశాడు. జనం ఇప్పటికీ చదువుకునేది ఆ పాత పాఠమే.

చిత్తుప్రతి:
పద్యప్రియ గారూ, మీ ఉదాహరణ నాకే సాయం చేస్తోంది. అవధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకుడూ అవధానీ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. అడ్డం పడేవాడికి ఒక నిర్ణీతమైన పని ఉంటుంది. మా గదిలో ఆ రెండూ లేవు. ఇక తిరగరాత సంగతి. గురజాడ కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. కానీ మనం నోట్లో ఆడించుకునే కన్యాశుల్కం 1909 నాటి రెండో కూర్పు, దాదాపు కొత్తగా రాసింది. నాటకమే అయినా రాతపని రాతపనే. అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ కవిత "వన్ ఆర్ట్"కు పదిహేడు చిత్తుప్రతులు మిగిలాయి. మొదటిది పోగొట్టుకున్న వస్తువుల జాబితాలా వచనంగా ఉంటుంది. పల్లవుల్లా తిరిగొచ్చే పాదాల కట్టు ఆ తర్వాతి ప్రతుల్లో కుదిరింది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైంది ఎలియట్ దీర్ఘకవిత "వేస్ట్ లాండ్". 1922లో అచ్చుకు ముందు ఆయన స్నేహితుడు, కవి ఎజ్రా పౌండ్ పెద్ద పెద్ద భాగాలే కొట్టేశాడు. 1971లో ఆ రాతప్రతులు అచ్చయ్యాక గీతలతో సహా అందరూ చూశారు. నాలుగో భాగంలో పొడుగాటి సముద్రయాన కథ పోయి, ఫ్లీబస్ అనే నావికుడి మీద పది పాదాలు మిగిలాయి. ఎలియట్ నిరుత్సాహపడి, వాటినీ తీసెయ్యనా అని ఉత్తరంలో అడిగాడు. అవి ఉండి తీరాలని పౌండ్ గట్టిగా జవాబిచ్చాడు. ఎలియట్‌ను మాట్లాడొద్దని ఉంటే ఆ పది పాదాలు ఏమయ్యేవో! అక్కడ దిద్దినవాడు ఒక్కడే, వాళ్లిద్దరికీ ఒకరి చదువు ఒకరికి తెలుసు. మా దగ్గర పన్నెండుమంది, పన్నెండు రకాల పెన్సిళ్లు.

డాలస్ పాఠకుడు:
ఎలియట్ అడిగాడు, వివరించలేదు. ఆ తేడా దగ్గరే నేను ఆగుతాను. నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ రూపొందించిన విమర్శ పద్ధతి ఒకటుంది, కవిత్వానికీ పనికొస్తుంది. మొదట చూసినవాళ్లు తమకు ఏం తగిలిందో చెబుతారు. తర్వాత కళాకారుడు ప్రశ్నలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవాళ్లు తీర్పు లేని ప్రశ్నలు వేస్తారు. అభిప్రాయాలు చివర, అదీ కళాకారుడు సరే అంటేనే. ఇందులో మొదటి అంచెలో మాత్రం మౌనం ఉండాలి. హోమం అనుకున్నారన్నది కవికి దొరికిన సమాచారం. మొదటి నిమిషంలోనే "కాదు, అది పీర్ల గుండం" అంటే ఆ సమాచారం పోతుంది.

మెతుకుసీమ:
గట్లయితే సరే, మొదటి అంచెకు ఒప్పుకుంట. కానీ ఇంకోటి ఉన్నది. తిరగరాసింది వచ్చే సమావేశానికే తేవాలనే షరతు ఎందుకు? గడువు పెడితే కవి కవితను చూడదు, కాయితం మీద రాసుకున్న కామెంట్లను చూస్తది, ఒక్కోదానికి టిక్కు పెట్టుకుంట పోతది. గా నాలుగు పాదాల ఉపన్యాసం గట్లనే వచ్చింది. కొత్తది తెచ్చినప్పుడు పాత ప్రతి పక్కన పెట్టి రెండూ చదవాలె. పాతదే బాగుందని అనే హక్కు గదిల అందరికీ ఉండాలె.

గుండం కవిత రాసినది:
ఆ కవిత నాదే. ఇక్కడ మాట్లాడొచ్చు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు నేను వివరించాలనుకోలేదు, ఒక్కటి అడగాలనుకున్నాను, అడిగే వీలు లేకపోయింది. ఇప్పుడు మూడో ప్రతి రాస్తున్నాను. గుండం మళ్లీ వచ్చింది, ఉపన్యాసం పోయింది. రెండో పాదంలో ఊదు పొగ పెట్టాను, డాలస్ గారు చెప్పినందుకు కాదు, ఆ రాత్రికి మొదట తెలిసేది ఆ వాసనే కాబట్టి. పీరు అంటే ఏమిటో మాత్రం చెప్పను, తెలియనివాళ్లు ఎవరినైనా అడుగుతారు. ఆ రోజు అడగాలనుకున్న ప్రశ్న ఇది: గుండం చుట్టూ తిరిగేవాళ్లలో మా నాయన ఉన్నాడు, కవితలో ఆయన్ను "ఒక మనిషి" అని వదిలేశాను. "మా నాయన" అని రాస్తే ఊరి కవిత ఇంటి కవిత అయిపోతుందా? మెతుకుసీమ గారూ, ముందు మీరు చెప్పండి.