నిలబడి కంప్యూటర్ పని: మీలో ఎవరికి పడింది, ఎవరికి పడలేదు?

నాగావళి గట్టు, శ్రీకాకుళం

రెండేళ్లుగా ఇంటి నుంచే ఉద్యోగం. బెంగళూరు కంపెనీకి లెక్కలు చూస్తాను. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే సాయంత్రం ఏడవుతుంది. మధ్యలో భోజనానికి లేవడమే లేవడం. ఆరు నెలలుగా మధ్యాహ్నం మూడు దాటితే నడుము పట్టేస్తోంది. కుర్చీ మార్చాను, వెనక దిండు పెట్టాను. కొన్నాళ్లు నయమనిపించి మళ్లీ మొదటికొచ్చింది. స్టాండింగ్ డెస్కు కొనుక్కోమని తోటివాళ్లు చెబుతున్నారు. మోటారుతో పైకీ కిందికీ కదిలేది ఇరవై వేలు దాటుతోంది. పిల్లల ఫీజులు కట్టాల్సిన నెల ఇది. అంత పెట్టి తెచ్చాక మూలన పడితే మనసు ఒప్పుకోదు. వాడినవాళ్లు, వాడి మానేసినవాళ్లు కూడా దయచేసి చెప్పండి.

గంటస్తంభం, విజయనగరం

ప్రెస్సులో డీటీపీ పని నాది, పంతొమ్మిదేళ్లుగా. పెళ్లిళ్ల రోజుల్లో శుభలేఖలు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు ఫ్లెక్సీలు. ఆ పది రోజులూ పగలూ రాత్రీ తేడా తెలియదు. మూడేళ్లుగా కాసేపు నిలబడి, కాసేపు కూర్చుని చేస్తున్నాను. నాకు మేలే జరిగింది. కానీ మొదటి రెండు నెలలు నేను చేసిన తప్పులు మీరు చేయకూడదని వివరంగా రాస్తున్నాను.

కొనే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఇంట్లో ఏ చెప్పులతో నిలబడతారో అవే వేసుకుని గోడ పక్కన నిలబడండి. భుజాలు వదిలేయండి. మోచేయి మడిచి, ముంజేయి నేలకు సమాంతరంగా ఉంచి, మోచేతి కింద గోడ మీద పెన్సిలుతో గీత గీయించండి. నేల నుంచి ఆ గీత దాకా టేపుతో కొలవండి. నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. గీత 41 అంగుళాల దగ్గర పడింది. కీబోర్డు మీటలు ఆ ఎత్తులోనో, కాస్త కిందనో ఉండాలి. బల్ల పైభాగం కాదు, మీటలు. ఈ తేడా తెలియక నేను వడ్రంగికి బల్ల ఎత్తు 43 అని చెప్పాను. పది రోజుల్లో భుజాలు చెవుల దగ్గరకు ఎక్కిపోయాయి, మెడ వెనక రాయి కట్టినట్టు బరువు. నడుముకు మందనుకున్నది మెడకు నొప్పి తెచ్చింది. బల్ల కాళ్లు మూడంగుళాలు కోయించాకే ఊరట కలిగింది.

రెండో తప్పు, మొదటి రోజే నాలుగు గంటలు నిలబడటం. కడప రాయి పరిచిన నేల, ఒట్టి కాళ్లు. రాత్రికి మడమలు సలిపి నిద్ర పట్టలేదు. మర్నాడు పది నిమిషాల నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

తెర పైఅంచు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. రెండు పవర్ల కళ్లద్దాలుంటే తెరను ఇంకొంచెం దించండి. లేకపోతే కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతూనే ఉంటాం. ల్యాప్‌టాప్ ఒక్కదానితో తెర ఎత్తు, మీటల ఎత్తు రెండూ కుదరవు. విడిగా కీబోర్డు కొనక తప్పదు.

మా అమ్మ భోజనానికి వాడిన చెక్క పీట ఒకటి బల్ల కింద పెట్టుకున్నాను. నాలుగంగుళాల ఎత్తు ఉంటుంది. కాసేపు కుడి పాదం, కాసేపు ఎడమ పాదం దాని మీద పెడతాను. నడుము మీద భారం తగ్గడం అప్పటికప్పుడే తెలుస్తుంది. నేను కొన్నవాటన్నిటికంటే ఆ పీటే ఎక్కువ ఉపకారం చేసింది.

మూడు లాంతర్లు, విజయనగరం

నాది మోటారు బల్ల, ఏడాదిన్నరగా వాడుతున్నాను. డబ్బుకు న్యాయం జరిగిందనే చెబుతాను. మీట నొక్కితే కదులుతుంది కాబట్టే రోజుకు ఆరేడుసార్లు మారుస్తున్నాను. చేత్తో తిప్పేదయితే రెండోసారి బద్ధకించేవాణ్ణి. కరెంటు పోతే ఏ ఎత్తులో ఉంటే అక్కడే ఆగిపోతుంది. మన దగ్గర వానాకాలంలో ఇది మామూలే కాబట్టి పొడవాటి స్టూలు ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. బల్ల లేచేటప్పుడు దాంతోపాటు తీగలూ లేవాలి. నేను తెర తీగను గోడ ప్లగ్గుకు బిగువుగా పెట్టాను. మొదటిసారి పైకి లేపగానే తీగ లాగి తెర ముందుకు ఒరిగింది, రెండు చేతులతో పట్టుకున్నాను. ఇప్పుడు ప్లగ్గుల పెట్టెను బల్ల అడుగునే బిగించాను. నేలకు వెళ్లేది ఒకే ఒక తీగ, అదీ వదులుగా.

బిల్లు కౌంటరు, విజయనగరం

నేను చీరల దుకాణంలో బిల్లులు కొడతాను. మా కౌంటరు ఎత్తుగానే ఉంటుంది, కంప్యూటర్ దాని మీదే. అంటే ఎనిమిదేళ్లుగా నాది నిలబడి చేసే పనే. పండగ రోజుల్లో పదకొండు గంటలు. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి తాళ్లలా కనిపిస్తున్నాయి. డాక్టరు బిగుతు మేజోళ్లు రాశారు. ఈ ఉక్కలో వాటిని రోజంతా వేసుకోవడం ఎంత కష్టమో చెప్పలేను.

నిలబడటం ఆరోగ్యమని ఇక్కడ చదువుతుంటే నాకు బాధ కలిగింది. మీకు కూర్చునే వీలుంది, కావాలని నిలబడుతున్నారు. మాకు కూర్చునే వీలే లేదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చాయి. అక్కడ మాలాంటి ఆడవాళ్లు అడిగి సాధించుకున్నారు. దయచేసి ‘ఎంత నిలబడితే అంత మంచిది’ అని మాత్రం ఎవరూ రాయకండి.

పాలకొండ బస్సు, శ్రీకాకుళం

అమ్మా, నీ మాట అక్షరాలా నిజం. ఆర్టీసీలో 28 ఏళ్లు కండక్టరుగా చేశాను, ఎక్కువ కాలం పాలకొండ రూటులోనే. ఉద్యోగంలో ఉండగా ఒక డాక్టరు గారు నాకు ఒక సంగతి చెప్పారు. 1953లో లండన్ బస్సుల మీద జెర్రీ మోరిస్ అనే వైద్యుడి పరిశోధన అచ్చయింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. విని నేను గర్వపడ్డాను. కానీ ఒక్కటి గమనించండి. కండక్టరు ఉత్తగా నిలబడడు, నడుస్తాడు. కిక్కిరిసిన బస్సులో ఒకేచోట ఇరుక్కుని ఊగుతూ నిలబడ్డ రోజున వచ్చిన కాళ్ల నొప్పి, టిక్కెట్లు కొడుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగిన రోజున నాకు ఎప్పుడూ రాలేదు.

ఫిజియో, అరసవల్లి

పెద్దాయన అసలు విషయం చెప్పేశారు. ఆ లండన్ పరిశోధనకు కొనసాగింపు కూడా ఉంది. డ్రైవర్లకు ఇచ్చే యూనిఫారాల నడుము కొలతలు ఉద్యోగంలో చేరేటప్పటికే కండక్టర్ల కంటే పెద్దవని మోరిస్ బృందమే 1956లో చూపించింది. కాబట్టి తప్పంతా సీటు మీద వేయలేం. మనుషుల్లోనే తేడా ఉంది.

కూర్చుని చేసే ఉద్యోగులు రోజుకు 2 గంటల నిలబడటం, తేలికపాటి నడకతో మొదలుపెట్టి మెల్లగా 4 గంటలకు పెంచుకోవాలని 2015లో బ్రిటన్‌లో నిపుణుల బృందం సూచించింది. కానీ 2024లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు బ్రిటన్‌లోని 83 వేల మందికి పైగా పెద్దవాళ్ల వివరాలు పరిశీలించారు. ఉత్తగా నిలబడటం వల్ల గుండెజబ్బు, పక్షవాతం ముప్పు తగ్గలేదు. రోజుకు 2 గంటలు దాటి నిలబడేవాళ్లలో ఉబ్బు నరాల వంటి రక్తప్రసరణ ఇబ్బందుల ముప్పు పెరిగింది. చీరల దుకాణం చెల్లెలి కాళ్లు చెబుతున్నదీ ఇదే.

బరువు తగ్గుతామన్న ఆశతో మాత్రం కొనకండి. కూర్చోవడం కంటే నిలబడితే నిమిషానికి 0.15 క్యాలరీ ఎక్కువ ఖర్చవుతుందని 2018లో లెక్కగట్టారు. ఆరు గంటలకు 54. పలాస జీడిపప్పు ఆరు పలుకులు తింటే సరిపోయింది.

నా దగ్గరకు వచ్చేవాళ్లకు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు ఎలన్ హెడ్జ్ చెప్పిన కొలత చెబుతాను: ప్రతి అరగంటలో 20 నిమిషాలు కూర్చుని, 8 నిలబడి, 2 నిమిషాలు కదలండి. ఆ 2 నిమిషాలను ఎవరూ లెక్కచేయరు. నా అనుభవంలో నడుముకు ఎక్కువ పనికొచ్చేది అదే. మంచినీళ్లకు వంటింటిదాకా వెళ్లి రండి, చాలు.

షుగరు ఉన్నవాళ్లు ఒట్టి కాళ్లతో నిలబడవద్దు. అరికాలికి స్పర్శ తగ్గి ఉంటే చిన్న పుండు కూడా తెలియదు. గర్భిణులు, ఇప్పటికే నరాలు ఉబ్బినవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

కొబ్బరితోట, కవిటి

కాళ్ల కింద మెత్తగా ఉండాలంటే కొబ్బరి పీచు పట్టా దళసరిది వేసుకోండి. పైన పాత దుప్పటి మడత ఒకటి వేస్తే గుచ్చుకోదు. నేను సహకార సంఘంలో లెక్కలు రాస్తాను, రెండేళ్లుగా ఇదే వాడుతున్నాను.

ఇంకో మాట, మా ఉద్దానం వాళ్ల కోసం. పాదాలు వాస్తే ‘నిలబడ్డాను కదా’ అని సరిపెట్టుకోకండి. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మీకు తెలుసు. మా పిన్నిగారు కాళ్ల వాపును పొలం పని వల్లేనని ఏడాది పాటు అనుకున్నారు. ఉదయం లేచేసరికి కూడా వాపు ఉంటే, ముఖం ఉబ్బినట్టు కనిపిస్తే, వెంటనే క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. బల్ల సంగతి తర్వాత.

సచివాలయం కుర్చీ, నెల్లిమర్ల

ఆఫీసులో బల్ల మార్చే అధికారం నాకు లేదు. ఫోను వస్తే లేచి నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. రోజుకు ముప్పై ఫోన్లు వస్తాయి. అదే నా వ్యాయామం.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

నెల దాటింది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మోటారు బల్ల కొనలేదు. ఉన్న బల్ల మీద పెట్టుకునే చెక్క స్టాండు మా వీధి వడ్రంగి చేత చేయించాను. కీబోర్డుతో కలిపి రెండువేల ఎనిమిది వందలయింది. గోడ మీద నా గీత 42 దగ్గర పడింది, మా అమ్మాయే గీసింది. గీత పక్కన తేదీ కూడా వేసింది.

మొదట్లో స్టాండు కాళ్లు సన్నగా ఉండి, టైపు చేస్తుంటే తెర వణికేది. వడ్రంగిని పిలిచి అడ్డకర్ర కొట్టించాక నిలిచింది. మొదటి వారం పదేసి నిమిషాలు. ఇప్పుడు రోజుమొత్తం మీద గంటన్నర నిలబడుతున్నాను, అదీ ముక్కలు ముక్కలుగా. మూడింటికి నడుము పట్టడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. నెలాఖరు లెక్కల రోజున లేవకుండా నాలుగు గంటలు కూర్చున్నాను, వెంటనే మళ్లీ పట్టేసింది.

ఫిజియో గారూ, వారం రోజులుగా పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే ఎడమ మడమ చురుక్కుమంటోంది. పది అడుగులు వేస్తే పోతుంది. కొనసాగించవచ్చా?

బిల్లు కౌంటరు అమ్మా, మీ మాట చదివిన తర్వాత మా వీధి దుకాణానికి వెళ్లినప్పుడల్లా అక్కడి అమ్మాయిల కాళ్లవైపు చూపు పోతోంది. మీ దుకాణంలో కూర్చోవడానికి స్టూలు సంగతి ఏమైనా తేలిందా?

ఫిజియో, అరసవల్లి

అది అరికాలి కింద పట్టీలా ఉండే కణజాలం వాచిన (ప్లాంటార్ ఫేషియైటిస్) లక్షణంలా ఉంది. రెండు వారాలు నిలబడే సమయం సగం చేయండి, ఇంట్లోనూ మెత్తని చెప్పులు వేసుకోండి. మంచం దిగకముందే తువ్వాలు పాదానికి వేసి వేళ్లను మీవైపు లాగి అరనిమిషం పట్టుకోండి, మూడుసార్లు. తగ్గకపోతే వచ్చి చూపించుకోండి. దీన్ని ముదరనివ్వకూడదు.

బిల్లు కౌంటరు, విజయనగరం

నలుగురం కలిసి వెళ్లి యజమానిని అడిగాం. ఒక స్టూలు వచ్చింది. అరగంటకొకరం వంతులు వేసుకున్నాం. రెండోది అమ్మవారి పండగలోపు ఇస్తామన్నారు.